అడగాలి, కానీ వినక్కర్లేదు: నాంపల్లి అసెంబ్లీ, ఆర్టికల్ 3, ఒక ఇంగ్లిష్ వాక్యం

ఈ ఎపిసోడ్ చరిత్రదే, కానీ గ్రామర్‌తో మొదలుపెడతాను. గ్రామర్ అనగానే వీడియో మార్చేయకండి, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

నేను బీటెక్ అయ్యాక కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశానని పాత ఎపిసోడ్‌లు చూసినవాళ్లకి తెలుసు. ఆ రోజుల్లో ఒక రాత్రి క్లయింట్‌కి ఒక మెయిల్ రాశాను. డేటాబేస్ మైగ్రేషన్ నడుస్తోంది. అది అయ్యేదాకా సర్వర్‌ని ముట్టుకోవద్దని చెప్పాలి. నేను రాసింది ఏంటంటే, "యూ నీడ్ నాట్ రీస్టార్ట్ ద సర్వర్ అంటిల్ ద మైగ్రేషన్ ఈజ్ ఓవర్." మంచి ఇంగ్లిషే, స్పెల్లింగ్ తప్పు కూడా లేదు. అవతల ఆయన చదివి, సరే, "చేయక్కర్లేదు" అన్నాడు కాబట్టి చేస్తే తప్పేం లేదుగా అనుకుని, వేరే ఏదో పని కోసం రీస్టార్ట్ కొట్టాడు. మైగ్రేషన్ సగంలో ఆగింది. తెల్లారేదాకా నలుగురం కూర్చుని సరిచేశాం. పొద్దున మా మేనేజర్ ఆ మెయిల్ ఓపెన్ చేసి స్క్రీన్ మీద ఒకే ఒక్క మాట దగ్గర వేలు పెట్టాడు. "నీడ్ నాట్" కాదురా బాబూ, "మస్ట్ నాట్" అన్నాడు.

నాకు తెలియక కాదండి. క్లయింట్‌కి "మస్ట్ నాట్" అని రాయడం మరీ కసిరినట్టు ఉంటుందని అనిపించింది. మనం ఇంట్లో పెద్దవాళ్లతో "వద్దండి" అనడానికి మొహమాటపడి "అక్కర్లేదండి" అంటాం కదా, అదే అలవాటు ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్లాను.

అక్కడి నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. తెలుగులో "చేయాలి" అనే మాటకి వ్యతిరేకం ఏంటి? "చేయకూడదు" అనొచ్చు, "చేయక్కర్లేదు" అనొచ్చు. రెండింటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. మొదటిదాంట్లో చేయడం నిషేధం. రెండోదాంట్లో చేయడం మన ఇష్టం. కోడింగ్ వాళ్లకి చెప్పాలంటే, "కాదు" అనే ఆశ్చర్యార్థకం గుర్తు బ్రాకెట్ లోపల పెట్టామా, బయట పెట్టామా అన్నదే తేడా. "మస్ట్ నాట్"లో అది లోపల ఉంటుంది, అంటే చేయకపోవడమే తప్పనిసరి. "నీడ్ నాట్"లో అది బయట ఉంటుంది, అంటే తప్పనిసరి అన్నదే లేదు. "కెనాట్" కూడా బయటే. ఇక "మే నాట్" అయితే ఒక్కోసారి లోపల, ఒక్కోసారి బయట. "హి మే నాట్ కమ్" అంటే రాకపోవచ్చు అనా, రావడానికి వీల్లేదు అనా? ఇంగ్లిష్ వాళ్లే సందర్భం చూసుకుని అర్థం చేసుకుంటారు.

ఇంతవరకూ ఒక మెట్టు. రెండో మెట్టు ఏంటంటే, ఈ వ్యతిరేక క్రియల వెనకాల ఒక చిన్న మాట వచ్చి కూర్చుంటుంది. వితౌట్, ఎక్సెప్ట్, అంటిల్, అన్‌లెస్, వితిన్. వీటిలో "అన్‌లెస్"ని ప్రిపొజిషన్ అనరు, కంజంక్షన్ అంటారు, ఒప్పుకుంటాను, కానీ చేసే పని ఆ ఇంటిదే. తలుపు మూసేది "షల్ నాట్". ఆ తలుపుకి తాళంచెవి ఎవరి చేతిలో ఉందో చెప్పేది మాత్రం ఈ చిన్న మాట. టికెట్ లేకుండా ప్లాట్‌ఫామ్ మీదికి రాకూడదు అంటే తాళంచెవి టికెట్. నాంపల్లి స్టేషన్‌కి వెళ్లే ప్రతివాడికీ తెలిసిన వ్యాకరణమే ఇది.

ఇప్పుడు అసలు విషయంలోకి వస్తున్నాను. ఆ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లటి గుమ్మటాల బిల్డింగ్ ఉంది కదా, మన అసెంబ్లీ. అక్కడ ఇలాంటి ఒక్క వాక్యం మీద రెండు సార్లు, అరవై ఏళ్ల తేడాతో, మన రాష్ట్రాల తలరాత నడిచింది.

నాకు ఈ కథ దొరికింది అబిడ్స్‌లో. ఆదివారం పొద్దున షాపులు మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లెవరూ ఆ ఫుట్‌పాత్ తొక్కకుండా డిగ్రీ తెచ్చుకుని ఉండరు. అన్నట్టు అబిడ్స్ అనే పేరు కూడా ఒక షాపు వల్ల వచ్చిందే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ ఒక దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. సరే, అక్కడ ఒక పాత రాజ్యాంగం కనిపించింది, బేర్ యాక్ట్ అంటారు కదా, లా స్టూడెంట్లు పట్టుకు తిరిగేది. అట్ట ఊడిపోయింది, 1950ల మొదట్లోది. యాభై రూపాయలు చెప్పాడు, ఇచ్చేశాను. ఇంటికొచ్చి, ఇప్పటి రాజ్యాంగం పక్కన పెట్టుకుని ఊరికే తిరగేస్తుంటే ఆర్టికల్ 3 దగ్గర ఆగిపోయాను. రెండు పుస్తకాల్లో వాక్యం ఒకలా లేదు.

ఆర్టికల్ 3 అంటే కొత్త రాష్ట్రాలు చేయడం, ఉన్న రాష్ట్రాల హద్దులు, పేర్లు మార్చడం. ఆ అధికారం పార్లమెంటుది. దానికింద ఒక షరతు ఉంది. దాన్ని నా తెలుగులో చెబుతాను. అలాంటి ఏ బిల్లునీ రాష్ట్రపతి సిఫార్సు మీద తప్ప, ఇంకా ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయాల సంగతి తేలితే తప్ప, పార్లమెంటులో ప్రవేశపెట్టరాదు. మన చట్టాల తెలుగు అనువాదాల్లో దీన్ని "పురఃస్థాపన" అంటారు, ఆ మాట నేను రోజూ వాడితే మా అమ్మ నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది, కాబట్టి ప్రవేశపెట్టడమే అంటాను.

ఇంగ్లిష్ వాక్యం ఎలా కట్టారో చూడండి. వాళ్లు "షల్ నాట్" అనలేదు. "నో బిల్" అని ముందే కాదనేసి, తర్వాత ఉత్త "షల్" పెట్టారు. కాదనడం నామవాచకానికి తగిలింది. తెలుగులో అలాంటి "నో" లేదు. మనం "ఏ బిల్లునీ" అని మొదలుపెట్టి, చివరి దాకా వెళ్లి, క్రియలో "రాదు" అంటాం. ఇంగ్లిష్‌లో తలుపు ముందే మూసి తర్వాత తాళంచెవులు లెక్కపెడతారు. తెలుగులో తాళంచెవులన్నీ లెక్కపెట్టాక చివర్లో తలుపు మూస్తాం. వినేవాడు ఆఖరి అక్షరం దాకా ఆగాల్సిందే. "తప్ప", "లేకుండా" అనేవి కూడా మనకి పూర్తి ప్రిపొజిషన్లు కావు, క్రియల్లోంచి పుట్టుకొచ్చిన మాటలు. "లేకుండా"లో అయితే "లేదు" కూర్చునే ఉంది. అంటే "సమ్మతి లేకుండా చేయరాదు" అన్నప్పుడు మనం రెండు సార్లు కాదంటున్నాం. ఇంగ్లిష్ "వితౌట్" పాతకాలంలో అసలు కాదనే మాటే కాదు, "బయట" అని దాని అర్థం. "వితిన్"కి ఎదురు, అంతే. సమ్మతికి బయట ఉండి చేయకూడదు అన్నమాట. గోడ లోపల, గోడ బయట.

ఇక ఆ రెండు పుస్తకాల తేడా. 1950 నాటి వాక్యంలో శాసనసభ అభిప్రాయాలను రాష్ట్రపతి "అసర్టెయిన్" చేసి ఉండాలి, అంటే కనుక్కుని ఉండాలి. ఇప్పటి వాక్యంలో బిల్లును శాసనసభకు, అభిప్రాయాలు చెప్పడం కోసం, ఇచ్చిన గడువు లోపల, "రిఫర్" చేసి ఉండాలి, ఆ గడువు అయిపోయి ఉండాలి. కనుక్కోవడం పోయి పంపడం వచ్చింది. ఈ మార్పు చేసింది రాజ్యాంగ ఐదో సవరణ, 1955 డిసెంబర్ 24. కారణం తేలికే. "కనుక్కుని ఉండాలి" అంటే అవతలి వాళ్లు చెప్పాలి కదా. ఏ రాష్ట్రమైనా నోరు విప్పకుండా కూర్చుంటే బిల్లు కదలదు. అప్పుడు దేశమంతా రాష్ట్రాలు మళ్లీ గీయబోతున్నారు. ఎవరో ఒకరు మొరాయిస్తే మొత్తం ఆగుతుంది. అందుకని టైమౌట్ పెట్టారు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. పాత కోడ్‌లో రెస్పాన్స్ వచ్చేదాకా వెయిట్ చేయాలి. కొత్త కోడ్‌లో రిక్వెస్ట్ పంపు, గడియారం చూసుకో, రెస్పాన్స్ వస్తే లాగ్ చేసుకో, రాకపోతే టైమౌట్ అనుకో, ఏదైనా తర్వాతి లైన్‌కి వెళ్లిపో. రెస్పాన్స్‌లో ఏం రాసుందో చూసే "ఇఫ్" మాత్రం పాత కోడ్‌లోనూ లేదు, కొత్త కోడ్‌లోనూ లేదు. పాత వాక్యంలో కూడా అభిప్రాయం కనుక్కోవాలనే ఉంది, ఒప్పించాలని లేదు. ఇది చాలామంది మర్చిపోయే సంగతి.

మరి "సమ్మతి" అనే మాట ఎప్పుడూ అనుకోలేదా? అనుకున్నారు. ఈ భాగం నాకు చాలా ఇష్టం, కొంచెం ఆగుతాను ఇక్కడ.

1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో ఈ అధికరణం చర్చకి వచ్చింది. ప్రొఫెసర్ కె.టి. షా ఒక సవరణ పెట్టారు. కొత్త రాష్ట్రం ప్రతిపాదన అసలు ఆయా రాష్ట్ర శాసనసభలోనే మొదలవ్వాలి అన్నారు. ఓడిపోయింది. అంబేద్కర్ తెచ్చిన రూపంలో రెండు రకాలున్నాయి. బ్రిటిష్ పాలన కింద ఉన్న ప్రావిన్సులైతే శాసనసభ అభిప్రాయం కనుక్కుంటే చాలు. సంస్థానాలైతే ముందస్తు సమ్మతి కావాలి. ఒకే వాక్యంలో ఒకరికి "అభిప్రాయం", ఇంకొకరికి "సమ్మతి". ఎందుకంటే సంస్థానాలు అప్పటికి విలీన ఒప్పందాల మీద వచ్చినవి, వాటి హోదా వేరు.

ఇప్పుడు ఆ తేదీ పక్కన హైదరాబాద్ తేదీ పెట్టుకోండి. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబర్. అంటే అప్పటికి దాదాపు రెండు నెలలే. దేశంలో అన్నిటికంటే పెద్ద సంస్థానాల్లో ఒకటి ఇది, కానీ ఆ చర్చలో హైదరాబాద్ తరఫున కూర్చున్న సభ్యుడు ఒక్కడు కూడా లేడు. మరుసటి ఏడాదికి సంస్థానాలనీ ప్రావిన్సులతో సమానం చేసే క్రమంలో ఆ "సమ్మతి" మాట ఎగిరిపోయింది, అందరికీ "అభిప్రాయం" ఒక్కటే మిగిలింది. 1949 నవంబర్ 23న నిజాం ఫర్మానా ఇచ్చి ఈ రాజ్యాంగాన్ని హైదరాబాద్‌కి వర్తింపజేశాడు. అప్పటికి ఆ వాక్యం మారిపోయి ఉంది.

ఆ మాట ఉండి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పను, అలాంటి ఊహలతో వీడియోలు చేసేవాళ్లు వేరే ఉన్నారు. కానీ సమ్మతి అనే మాట పెట్టుకున్న దేశం ఒకటుంది, అక్కడ ఏమైందో చెప్పొచ్చు. అమెరికా రాజ్యాంగంలో నాలుగో అధికరణం మూడో సెక్షన్. అక్కడా "నో న్యూ స్టేట్ షల్" అనే కట్టే. ఒక రాష్ట్రం పరిధిలో కొత్త రాష్ట్రం ఏర్పడరాదు, రెండు రాష్ట్రాలో వాటి ముక్కలో కలిపి కూడా ఏర్పడరాదు, శాసనసభల సమ్మతి లేకుండా. చివర ఉన్నది "వితౌట్". 1820లో మసాచుసెట్స్ ఒప్పుకుంటేనే మెయిన్ విడిపోయింది. 1863లో వెస్ట్ వర్జీనియా కథ వేరు. అంతర్యుద్ధం నడుస్తోంది. వర్జీనియా యూనియన్ నుంచి వెళ్లిపోయింది. దాని పశ్చిమ భాగం వాళ్లు వీలింగ్ అనే ఊళ్లో, మేమే అసలైన వర్జీనియా ప్రభుత్వం అని ఇంకో ప్రభుత్వం పెట్టుకుని, ఆ శాసనసభ చేత తమకి తామే సమ్మతి ఇప్పించుకున్నారు. లింకన్ సంతకం పెట్టాడు.

దాంట్లో ఇంకో పిలక ఉంది. ఆ ఇంగ్లిష్ వాక్యం మధ్యలో ఒక సెమీకోలన్ ఉంది. మొదటి నిషేధం, సెమీకోలన్, రెండో నిషేధం, ఆఖర్న "వితౌట్ సమ్మతి". ఆ "వితౌట్" రెండో నిషేధానికి మాత్రమే అంటుకుంటుందా, సెమీకోలన్ దాటి వెనక్కి వెళ్లి మొదటిదానికీ అంటుకుంటుందా? రెండోదానికే అయితే, ఒక రాష్ట్రం పరిధిలో కొత్త రాష్ట్రం సమ్మతి ఉన్నా సరే ఏర్పడకూడదు. అప్పుడు వెస్ట్ వర్జీనియా సంగతేంటి? 2002లో వాసన్ కేశవన్, మైకేల్ పాల్సెన్ అనే ఇద్దరు వెస్ట్ వర్జీనియా రాజ్యాంగ విరుద్ధమా అని ఒక పెద్ద వ్యాసమే రాశారు, ఆ సెమీకోలన్‌ని భూతద్దంలో పెట్టి. చివరికి పర్లేదు, చెల్లుతుంది అని తేల్చారు. ఒక రాష్ట్రం పుట్టి నూట ముప్ఫై తొమ్మిదేళ్లు అయ్యాక దాని పుట్టుక ఒక ప్రిపొజిషన్ ఎంత దూరం చేయి చాపుతుందన్నదాని మీద ఆధారపడింది. నా సర్వర్ నయం.

మళ్లీ నాంపల్లికి వద్దాం. ఆ బిల్డింగ్ మొదట టౌన్ హాల్. 1905లో మొదలుపెట్టి 1913కి పూర్తి చేశారు. ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగరం జనం చందాలతో కట్టారు. 1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ అక్కడే కూర్చుంది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి.

1955 సెప్టెంబర్ 30న ఫజల్ అలీ కమిషన్ నివేదిక ఇచ్చింది. కుంజ్రూ, పణిక్కర్ మిగతా ఇద్దరు సభ్యులు. తెలంగాణ గురించి వాళ్లు చెప్పిందీ ఒక షరతు వాక్యమే. ఇప్పటికి తెలంగాణ ప్రాంతాన్ని హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అప్పటి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కావాలంటే ఆంధ్రతో కలపండి. ఇక్కడ రెస్పాన్స్ చదివే "ఇఫ్" ఉంది చూశారా. ఊరికే అడగడం కాదు, మూడింట రెండు వంతులు రావాలి. కానీ ఇది కమిషన్ రాసిన "షుడ్", రాజ్యాంగం రాసిన "షల్" కాదు. సిఫార్సుని పక్కన పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ ఏడాది చివర్లో నాంపల్లిలో ఆ నివేదిక మీద చర్చ జరిగింది. ఓటింగ్ పెట్టలేదు. మాట్లాడిన సభ్యుల్లో ఎక్కువమంది విలీనం వైపు మాట్లాడారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. అదే డిసెంబర్‌లో ఐదో సవరణ వచ్చింది. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం, ఆగస్టు 31న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. ఫజల్ అలీ చెప్పిన 1961 రానే లేదు.

ఇక ఆ వాక్యానికి సుప్రీంకోర్టు అర్థం చెప్పింది మూడేళ్లకి, మన కేసులో కాదు, బొంబాయి కేసులో. బొంబాయిని మూడు ముక్కలు చేస్తామని బిల్లులో ఒకటి చెప్పి, తర్వాత పార్లమెంటులో మార్చి ఒకే పెద్ద ద్విభాషా రాష్ట్రంగా ఉంచారు. మార్చినదాన్ని మళ్లీ మా శాసనసభకి పంపాలి కదా అని బాబూలాల్ పరాటే కోర్టుకెళ్లాడు. 1959 ఆగస్టులో తీర్పు వచ్చింది. పంపక్కర్లేదు. ఒకసారి పంపితే చాలు. గడువులోపు అభిప్రాయం వచ్చినా పార్లమెంటు దానికి కట్టుబడి ఉండక్కర్లేదు. చూడండి, అన్నీ "అక్కర్లేదు"లే. "రాదు" అని మొదలైన వాక్యం కోర్టుకెళ్లి "అక్కర్లేదు"గా తిరిగొచ్చింది. అడగకుండా చేయకూడదు. అడిగాక వినక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. అమ్మది నల్గొండ, నాన్నది తెనాలి. నాన్న నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవారు. 2013 డిసెంబర్‌లో నేను ఇంటర్ సెకండ్ ఇయర్. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విభజన బిల్లుని అసెంబ్లీకి పంపారు, జనవరి 23 దాకా గడువు. తర్వాత ఇంకో వారం పెంచి జనవరి 30 చేశారు. ఆ నెలన్నర మా ఇంట్లో టీవీ ఆగలేదు. కాలేజీకి వెళ్లాలంటే అసెంబ్లీ దగ్గర బారికేడ్లు, బస్సు ఎటు తిప్పుతాడో తెలియదు, నేను అబిడ్స్‌లో దిగి నడిచేవాణ్ని.

ఆ నెలన్నరా టీవీలో అందరూ కొట్టుకున్నది ఈ మాటల మీదే. అభిప్రాయమా, ఆమోదమా? ఓటింగ్ పెట్టొచ్చా, పెట్టకూడదా? తిరస్కరిస్తే బిల్లు ఆగుతుందా? జనవరి 30న ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి పెట్టిన తిరస్కరణ తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది. నాన్న సోఫాలోంచి లేచి, "అడిగారుగా, కాదన్నాంగా, ఇంకేంటి?" అన్నారు. వంటింట్లోంచి అమ్మ, "1956ల మమ్మల్ని గిట్లనే అడిగిన్రు. ఇప్పుడు తెలిసిందా మీకు?" అంది. నేను ఫిజిక్స్ పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరిలో ఎవరి వైపు చూడాలో తెలియక కూర్చున్నాను.

రెస్పాన్స్ వెళ్లింది. లాగ్ అయింది. సుప్రీంకోర్టుకి వెళ్లినవాళ్లకి ఇంకా సమయం కాలేదు అన్నారు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు పెట్టారు, పెప్పర్ స్ప్రే రోజు అది. 18న లోక్‌సభ, 20న రాజ్యసభ, మార్చి 1న రాష్ట్రపతి సంతకం, జూన్ 2న తెలంగాణ. దీనికి రాజ్యాంగ సవరణకి కావాల్సిన మెజారిటీ కూడా అక్కర్లేదు, ఆర్టికల్ 4 ఆ సంగతి ముందే చెప్పేసింది. 2000లో ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఉత్తరాంచల్ చేసినప్పుడు ఆయా అసెంబ్లీలు ఒప్పుకున్నాయి కాబట్టి, సమ్మతి అవసరం అనే భ్రమ దేశంలో చాలామందికి ఉండిపోయింది. అది ఆనవాయితీ, అంతే. వాక్యంలో లేదు.

నా అభిప్రాయం అడిగితే, అడిగారు అనుకుంటున్నాను, విడిపోవడం తప్పని నేను అనను. అమ్మ వాళ్ల ఊళ్లో నీళ్ల సంగతి, ఉద్యోగాల సంగతి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ని. గన్ పార్క్‌లో స్తూపం 1969లో పోయిన పిల్లల కోసం, అసెంబ్లీకి ఎదురుగానే ఉంది. అసెంబ్లీలో మెజారిటీ ఎప్పుడూ ఆ పక్కదే అయితే, "సమ్మతి లేకుండా చేయరాదు" అని రాసి ఉంటే ఇటు వాళ్లకి తలుపు ఎప్పటికీ తెరుచుకునేది కాదు. అది నిజం. కానీ అదే వాక్యం రేపు ఏ రాష్ట్రాన్నైనా, ఎవరు కాదన్నా, ఎలాగైనా గీయనిస్తుంది, అదీ నిజమే. 2019లో జమ్మూ కశ్మీర్‌లో శాసనసభే రద్దయి ఉంది, రాష్ట్రపతి పాలన నడుస్తోంది, ఆ అభిప్రాయం చెప్పే పని కూడా పార్లమెంటే చూసుకుంది. మన అసెంబ్లీకి కనీసం నెలన్నర మాట్లాడే అవకాశం దొరికింది.

నాన్నకి ఏమైందంటే, ఉద్యోగుల పంపకానికి కమలనాథన్ కమిటీ వేశారు కదా, స్థానికత చూసి ఆయన్ని ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు. 2016లో వెలగపూడి వెళ్లారు. అమ్మ ఉద్యోగం ఇక్కడే, ఇల్లు ఇక్కడే. రిటైరయ్యేదాకా శుక్రవారం రాత్రి రైలెక్కి రావడం, ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లడం. ఆప్షన్ ఫారం నింపేటప్పుడు నన్ను కూర్చోబెట్టుకుని, "మన ఆప్షన్ ఇవ్వాలంట, వాళ్లు దాన్నే ఇవ్వక్కర్లేదంట" అని నవ్వారు. అప్పటికి నాకు ఆర్టికల్ 3 తెలియదు, ఆయన ఎందుకు నవ్వారో కూడా తెలియదు.

అబిడ్స్‌లో కొన్న ఆ పాత పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు ఆయనకే ముందు చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండు వాక్యాలూ చదివారు, వేలు పెట్టి, మాట మాటా పోల్చుకుంటూ. తర్వాత పుస్తకం వెనక్కి తిప్పి చూసి, "యాభై ఎక్కువరా, ఇరవైకి ఇచ్చేవాడు" అన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో ముల్కీ రూల్స్, అందులోనూ ఒక "వితౌట్" ఉంది, అది ఇంకా పెద్ద కథ. ఆదివారం పొద్దున జీపీఓ దగ్గర ఫుట్‌పాత్ మీద నేను కనిపిస్తే పలకరించండి. బేరం నాకు రాదని తెలిసిపోయింది కాబట్టి, వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. ఉంటానండి.